బండి అదే, ఇంజను మారింది: ఒక రిజిస్ట్రేషను పత్రం వెనక చరిత్ర

సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి పాళీ గ్రంథం ఒకటి ఉంది. దాని పేరు 'మిళింద పన్హ'. గ్రీకు వంశపు రాజు మిళిందుడికీ, బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ మధ్య జరిగిన సంవాదం అందులో ఉంటుంది. రాజు రథం మీద వచ్చానంటాడు. రథమంటే ఏమిటని భిక్షువు అడుగుతాడు. ఇరుసా? చక్రాలా? కాడా? రాజు ఒక్కొక్కదానికీ కాదు, కాదు అని జవాబిస్తాడు. ఇవన్నీ ఒక పద్ధతిలో కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథమని చివరికి తేలుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. మీ వీధిలో పదిహేనేళ్ళ పాత వ్యాను ఒకటి ఉందనుకోండి. దాని ఇంజను బోరుకు వచ్చింది. యజమాని దాన్ని తీయించి వేరే ఇంజను బిగించాడు. ఇప్పుడది పాత వ్యానేనా, కొత్త వ్యానా? నాగసేనుడు ఈ ప్రశ్నను తత్త్వం కోసం అడిగాడు. రవాణా కార్యాలయం, బీమా కంపెనీ, న్యాయస్థానం కూడా ఇదే ప్రశ్న అడుగుతాయి. వాటికి జవాబు కాగితం మీద, అంకెల్లో కావాలి. ఆ జవాబు ఎలా తయారైంది, ఎందుకు మారుతూ వచ్చింది అనేదే ఈ పాఠం.

సైన్సు చెప్పేవాడికి చట్టంతో పనేమిటని మీరు అనుకోవచ్చు. నాకు ఈ పాఠం ఒక వ్యాను వల్ల వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాను.

ఒక వ్యాను, ఒక పెన్సిలు

1999లో నేను కొందరు మిత్రులతో కలిసి ఒక పాత వ్యానులో సూక్ష్మదర్శినులు, దూరదర్శిని, కొన్ని నమూనాలు పెట్టుకుని పల్లెటూరి బడులకు తిరిగేవాణ్ణి. ఒకనాడు దారిలో ఇంజను పట్టేసింది. బాగు చేయించే ఖర్చు కన్నా పాత ఇంజను ఒకటి కొని బిగించడమే చవక అన్నాడు మేస్త్రి. అదే కంపెనీ, అదే రకం ఇంజను. రెండు రోజుల్లో పని అయిపోయింది. మాకు తెల్ల కాగితం మీద ఒక చీటీ రాసిచ్చారు. మేము సంతోషంగా మళ్ళీ ఊళ్ళు తిరిగాం.

మూడు నెలల తర్వాత వ్యానును ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకువెళ్ళాం. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నెంబరు మీద పలుచని కాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా రుద్ది అచ్చు తీశారు. ఇంజను నెంబరుకూ అలాగే చేశారు. రెండు అచ్చుల్నీ సీ బుక్కు పక్కన పెట్టి చూశారు. ఛాసిస్ నెంబరు కలిసింది, ఇంజను నెంబరు కలవలేదు. "మాస్టారూ, ఈ బండి కాగితంలో ఉన్న బండి కాదు" అన్నారాయన. మందలించలేదు. తన ఎదుట ఉన్న ఆధారం చెప్పింది చెప్పారు, అంతే.

ఆ ఇంజను పూర్వం ఏ బండిలో ఉండేదో, అది దొంగ సొత్తు కాదని ఎలా రుజువు చేయాలో మాకు తెలియదు. అమ్మిన వ్యక్తిని వెతికి, పాత బండి కాగితాలు సంపాదించి, పోలీసుల నుంచి పత్రం తెచ్చి, రవాణా కార్యాలయంలో కొత్త నెంబరు నమోదు చేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్ళూ వ్యాను కదలలేదు. ఆ ఏడు మేము వెళ్ళవలసిన బడుల పిల్లలు దూరదర్శినిలో చంద్రుణ్ణి చూడలేదు.

అంతకన్నా నన్ను ఎక్కువగా బాధించిన విషయం మరొకటి ఉంది. ఆ మూడు నెలల్లో ఒకసారి, ఒక ఊరి మలుపులో, సైకిలు మీద వస్తున్న కుర్రవాడికి మా వ్యాను రాసుకుంది. దెబ్బలేమీ తగల్లేదు. తగిలి ఉంటే? మా బీమా పత్రంలో ఉన్నది పాత ఇంజను నెంబరు. ఆ కుర్రవాడి తల్లిదండ్రులు ఏ కాగితాన్ని నమ్ముకోవాలి? ఈ ప్రశ్న నన్ను చట్టాల పుస్తకాల దాకా నడిపించింది.

నెంబరు పలక ఎక్కడి నుంచి వచ్చింది?

గుర్రపు బండికి నెంబరు పలక ఎందుకు అవసరం పడలేదో ఆలోచించండి. బండివాడు ఊరివాడే. తప్పు చేస్తే ఎవరో అందరికీ తెలుసు. మోటారు కారు వచ్చాక వేగం పెరిగింది, దూరం పెరిగింది. ప్రమాదం చేసినవాడు పది నిమిషాల్లో మరో ఊళ్ళో ఉంటాడు. బండికి ఒక గుర్తు ఉండాలని, ఆ గుర్తు నుంచి యజమానిని పట్టుకునే పుస్తకం ఒకటి ప్రభుత్వం దగ్గర ఉండాలని అప్పుడు తోచింది. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కారు చట్టం 1904 జనవరి 1 నుంచి రిజిస్ట్రేషనును, నెంబరు పలకను తప్పనిసరి చేసింది.

మన దేశంలో బ్రిటిష్ ఇండియా మొత్తానికి వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. డ్రైవరుకు లైసెన్సు, బండికి రిజిస్ట్రేషను అన్న రెండు మూల సూత్రాలు అందులోనే ఉన్నాయి. లారీలు, బస్సులు పెరిగేకొద్దీ ఆ చిన్న చట్టం సరిపోలేదు. 1939లో సమగ్రమైన మోటారు వాహనాల చట్టం చేశారు. బండిలో మార్పులు చేస్తే ఏం చేయాలో చెప్పే సెక్షను ఒకటి అందులోనే ఉంది. అది 32వ సెక్షను. అంటే కాగితం మీది బండి, రోడ్డు మీది బండి వేరైపోయే ప్రమాదాన్ని చట్టం ఆనాడే ఊహించింది.

1988లో ఆ చట్టం స్థానంలో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చింది. అది, దానితోపాటు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 జులై 1 నుంచి అమలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ బండ్ల మీద 'ఏపీ' అన్న అక్షరాలు, తర్వాత జిల్లా అంకె కనిపించడం అప్పటి నుంచే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో 'టీఎస్' వచ్చింది, 2024లో అది 'టీజీ'గా మారింది. ఈ పలక యజమాని ఎవరో చెప్పే దారి మాత్రమే. బండి ఏదో చెప్పేవి లోపలి నెంబర్లు.

ఇనుము మీద చెక్కిన పేరు

రిజిస్ట్రేషను పత్రాన్ని మన ఊళ్ళలో సీ బుక్కు అంటారు. మీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. తయారుచేసిన కంపెనీ, తయారైన సంవత్సరం, సిలిండర్ల సంఖ్య, ఘనపరిమాణం, ఇంధనం, సీట్లు, ఖాళీ బండి బరువు, రంగు అన్నీ ఉంటాయి. వీటితోపాటు రెండు ముఖ్యమైన నెంబర్లు ఉంటాయి. ఒకటి ఛాసిస్ నెంబరు, రెండోది ఇంజను నెంబరు. తయారీదారు ఈ రెండింటినీ లోహం మీద చెక్కాలని కేంద్ర నియమావళిలోని 122వ నియమం చెబుతుంది. ఇప్పటి బండ్ల ఛాసిస్ నెంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఒకటితోనూ సున్నాతోనూ పొరపడకుండా ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అనే మూడింటిని అందులో వాడరు.

రాజు మిళిందుడు చెప్పలేకపోయిన జవాబు చట్టం ఇలా చెప్పింది: బండికి ఛాసిస్ శరీరం, ఇంజను మార్చదగిన అవయవం. ఛాసిస్ ఉన్నంతవరకు బండి అదే. కానీ అవయవం మారిన సంగతి పత్రంలోకి ఎక్కాలి.

ఘనపరిమాణం అంటే ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. 1984లో మన రోడ్ల మీదికి వచ్చి, తర్వాత ఓమ్ని పేరుతో స్థిరపడి, 2019 దాకా తయారైన మారుతి వ్యాను మీకు తెలుసు. దానికి మూడు సిలిండర్లు. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం మీ గణితంలో ఉన్నదే: వ్యాసార్ధ వర్గాన్ని పైతోనూ ఎత్తుతోనూ గుణించాలి. 34.25 వర్గం సుమారు 1173. దాన్ని 3.1416తో గుణిస్తే 3685. దాన్ని 72తో గుణిస్తే 2,65,000 ఘన మిల్లీమీటర్లు దాటుతుంది. మూడు సిలిండర్లకు కలిపి 796 ఘన సెంటీమీటర్లు. సీ బుక్కులో కనిపించే '796 సి.సి.' ఇదే. పత్రంలోని అంకె వెనక ఉన్నది మీరు చదువుకున్న స్తూపమే!

బీమా ఎవరి కోసం?

ఇప్పుడు రెండో కాగితానికి వద్దాం. బీమా బండి యజమాని కోసమని చాలామంది అనుకుంటారు. చట్టం తప్పనిసరి చేసిన బీమా యజమాని కోసం కాదు. దారిన పోయే మనిషి కోసం.

ఇది ఎలా వచ్చిందో చూడండి. 1920ల నాటికి బ్రిటన్‌లో మోటారు ప్రమాదాలు బాగా పెరిగాయి. గాయపడినవారు కోర్టుకు వెళ్ళి గెలిచేవారు. గెలిచినా డబ్బు వచ్చేది కాదు. నష్టపరిహారం ఇచ్చే స్తోమత బండివాడికి ఉండేది కాదు. బీమా ఉన్నా, ఆ ఒప్పందం బండివాడికీ కంపెనీకీ మధ్యది. బాధితుడు దానికి బయటివాడు. బండివాడు దివాలా తీస్తే బీమా సొమ్ము కూడా అతని అప్పులవాళ్ళందరికీ పంచుకుపోయేది. అందుకే 1930లో రెండు పనులు చేశారు. రోడ్డు ట్రాఫిక్ చట్టం ద్వారా మూడో వ్యక్తికి జరిగే హానికి బీమా తప్పనిసరి చేశారు. మరో చట్టం ద్వారా, బీమా చేసుకున్నవాడు దివాలా తీసినా కంపెనీ నుంచి నేరుగా పరిహారం పొందే హక్కు బాధితుడికి ఇచ్చారు. ఒప్పందంలో లేని మనిషికి ఒప్పందం మీద హక్కు రావడం న్యాయశాస్త్ర చరిత్రలో పెద్ద మలుపు.

మన 1939 చట్టంలో 8వ అధ్యాయం ఈ బీమా గురించే. అయితే ఆ అధ్యాయం అమలులోకి వచ్చింది 1946 జులై 1 నుంచి. 1956 సవరణతో, మామూలు కోర్టుల్లో ఏళ్ళ తరబడి తిరగకుండా, ప్రమాద పరిహారాల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు వీలు కల్పించారు. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా వ్యాపారం జాతీయమై, 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కలిసిపోయాయి. 1982లో మరో అడుగు పడింది. ఎవరి తప్పో తేలకముందే, మరణానికీ శాశ్వత అంగవైకల్యానికీ కొంత పరిహారం చెల్లించాలన్న నియమం చట్టంలోకి వచ్చింది. 1999 నాటి చట్టంతో బీమా నియంత్రణ సంస్థకు చట్టబద్ధత వచ్చి, ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు కూడా ప్రవేశించాయి.

బీమా తప్పనిసరి అనే ఈ సూత్రం 1988 చట్టంలో 146వ సెక్షనుగా నిలిచింది. బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్ళీ పట్టుబడితే 4,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెప్పింది. మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

ఇంజన్లు ఎందుకు మార్చారు?

ఇంజను పాడైతే మార్చడం ఒక కారణం. మన దేశంలో ఇంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. అది చమురు ధర.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. పీపాకు మూడు డాలర్ల చిల్లర ఉన్న ముడి చమురు ధర 1974 మొదటికి పదకొండు డాలర్లు దాటింది. మన ప్రభుత్వం లారీలు, బస్సులు, సేద్యపు పంపులు ఆగకూడదని డీజిల్ ధరను అదుపులో ఉంచింది. పెట్రోలు మీద భారం ఎక్కువ పడింది. ఈ రెండు ధరల మధ్య తేడా చాలాకాలం నిలిచింది. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో తొలగిపోయాయి.

ధరల్లో తేడా ఉన్నచోట మేస్త్రి బుర్ర పనిచేస్తుంది. పెట్రోలు జీపులు, అంబాసిడర్లు డీజిల్ ఇంజన్లు తొడుక్కున్నాయి. పూనా దగ్గర బజాజ్ టెంపో కంపెనీ తయారుచేసిన మాటడార్ వ్యాను అప్పటికే డీజిల్ బండిగా పేరు తెచ్చుకుంది. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ఒక బండి ఇంజను మరో బండిలో కూర్చోవడం మన షెడ్లలో మామూలు విషయమైంది. పదో తరగతి దాటని మేస్త్రులు గేరుబాక్సుకూ ఇంజనుకూ మధ్య అతుకుపలకలు సొంతంగా తయారుచేసేవారు. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ భౌతికశాస్త్రం ఏం చెబుతుంది? ఆనాటి పెట్రోలు ఇంజనులో ఇంధన మిశ్రమం సుమారు ఎనిమిదో వంతుకు కుదించుకుంటుంది. డీజిల్ ఇంజనులో గాలి పదహారు నుంచి ఇరవై రెండో వంతుకు కుదించుకుంటుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే లోహం మందంగా ఉండాలి. కనుక డీజిల్ ఇంజను బరువెక్కువ. ఆ అదనపు బరువు ముందు ఇరుసు మీద, స్ప్రింగుల మీద, స్టీరింగు మీద పడుతుంది. కంపనం పెరుగుతుంది, ఇంజనును పట్టి ఉంచే బిగింపులు అరుగుతాయి.

శక్తి ఎక్కువ ఉన్న ఇంజను వేస్తే మరో చిక్కు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 60తో పోతే వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది. గతిశక్తి మాత్రం వేగవర్గాన్ని బట్టి రెండుంబావు రెట్లు పెరుగుతుంది. బ్రేకులు పాతవే! అంటే ఇంజను మార్చినవాడు తెలియకుండానే బ్రేకుల లెక్కను కూడా మార్చాడు. ఇంజను నెంబరు కలవకపోతే అధికారి ఆగి చూడటానికి అసలు కారణం ఇదే. కాగితంలో మారిన అంకె, లోహంలో మారిన బలాలకు గుర్తు.

52వ సెక్షను కథ

1988 చట్టంలో ఈ మార్పుల గురించి చెప్పేది 52వ సెక్షను. దీనికి మూడు దశల చరిత్ర ఉంది.

మొదటి దశలో, మార్పు చేయదలచిన యజమాని ముందుగా రిజిస్ట్రేషను అధికారికి నోటీసు ఇచ్చి అనుమతి పొందాలి. అధికారి ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఆ గడువులో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇది చదివిన రోజు నేను నా వ్యానును తలచుకుని నవ్వుకోవాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. ముందుగా ఒక్క ఉత్తరం రాసి, ఏడు రోజులు ఆగి ఉంటే మా అనుమతి చిక్కు తీరిపోయేది. నాలుగు నెలలు నిలబడిపోయిన బండికి కావలసింది ఒక తపాలా బిళ్ళ!

రెండో దశ 2000 సంవత్సరపు సవరణ. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సెక్షను గట్టిపడింది. దానికి ఒక మినహాయింపు పెట్టారు. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ, సౌరశక్తి వంటి వేరే ఇంధనాలతో నడిచేందుకు, నిర్దేశించిన షరతుల ప్రకారం మార్పు కిట్టు అమర్చుకోవచ్చు. ఈ మినహాయింపు కాలానికి తగినదే. ఢిల్లీ గాలి కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఇచ్చిన ఆదేశం, నగర బస్సులన్నీ 2001 మార్చి 31కల్లా సి.ఎన్.జి.కి మారాలని చెప్పింది. వేల బండ్లు ఇంధనం మార్చుకునే రోజులవి.

ఇదే సెక్షనులో మరికొన్ని ముఖ్యమైన మాటలున్నాయి. పది లేదా అంతకన్నా ఎక్కువ రవాణా బండ్లున్న యజమాని, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిస్తే, అదే కంపెనీ, అదే రకం ఇంజనును ముందస్తు అనుమతి లేకుండా మార్చుకోవచ్చు. అయినా మార్చిన పద్నాలుగు రోజుల్లో ఆ సంగతి అధికారికి తెలిపి పత్రంలో నమోదు చేయించాలి. హయర్ పర్చేజ్ ఒప్పందం మీద బండిని ఉంచుకున్నవాడు, రిజిస్టరైన యజమాని రాతపూర్వక సమ్మతి లేనిదే మార్పు చేయకూడదు.

మూడో దశ 2019. ఆ ఏడు జనవరి 9న కేరళ నుంచి వచ్చిన అప్పీళ్ళ మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలను మార్చే మార్పులు కుదరవని, రిజిస్ట్రేషను పత్రంలోని మిగతా వివరాలను నియమాల ప్రకారం మార్చి నమోదు చేసుకోవచ్చని అది స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెప్పింది. మరోవైపు 2016లో విద్యుత్ కిట్లకూ, 2022లో తేలిక రకం బి.ఎస్.-6 బండ్లలో డీజిల్ ఇంజను స్థానంలో సి.ఎన్.జి. లేదా ఎల్.పి.జి. ఇంజనుకూ నియమాలు వచ్చాయి. అంటే చట్టం మార్పునే వద్దనడం లేదు. పరీక్షించని మార్పును, చెప్పని మార్పును వద్దంటోంది.

చెప్పకపోతే ఏమవుతుంది?

బీమా ఒప్పందానికి పునాది పరమ విశ్వాసం. సరుకు కొనేటప్పుడు కొనేవాడు తానే చూసుకోవాలి. బీమాలో అలా కాదు. బండి సంగతి యజమానికి తెలిసినంత కంపెనీకి తెలియదు. కాబట్టి తెలిసిన ముఖ్య విషయాలన్నీ యజమానే చెప్పాలి.

ఇంజను ఎందుకు ముఖ్య విషయమో మరో లెక్క చూడండి. సొంత కార్లు, వ్యాన్లకు మూడో వ్యక్తి బీమా రుసుము ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను ప్రకారం వార్షిక రుసుము 1000 సి.సి. దాకా 2,094 రూపాయలు. 1000 దాటి 1500 దాకా 3,416 రూపాయలు. 1500 దాటితే 7,897 రూపాయలు. మన 796 సి.సి. వ్యానులో మారుతి 800 కారు ఇంజను వేస్తే, అది అదే కుటుంబపు 796 సి.సి. ఇంజను కనుక తరగతి మారదు. అదే 1196 సి.సి. ఇంజను వేస్తే తరగతి మారుతుంది, రుసుములో తేడా 1,322 రూపాయలు. అంతకన్నా ముఖ్యంగా, తయారీదారు నిర్దేశించిన ఘనపరిమాణమే మారింది కనుక 52వ సెక్షను అడ్డు వస్తుంది. రుసుము కట్టినంత మాత్రాన అది సక్రమం కాదు.

అయితే యజమాని దాచిన తప్పుకు దారిన పోయే కుర్రవాడు ఎందుకు నష్టపోవాలి? చట్టం ఈ చిక్కును మధ్యేమార్గంలో విప్పింది. ప్రమాదం తర్వాత బీమా కంపెనీ ఏ ఏ కారణాలు చూపి తప్పుకోవచ్చో చట్టమే లెక్కపెట్టి చెప్పింది. 1988 చట్టంలో అది 149వ సెక్షను, 2019 సవరణ తర్వాత 150వ సెక్షను. ఆ కొద్ది కారణాల్లో ముఖ్యమైన విషయాన్ని దాచి పాలసీ తీసుకోవడం ఒకటి. డ్రైవింగు లైసెన్సు వివాదాలకు సంబంధించి 2004లో సుప్రీంకోర్టు, కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చన్న మార్గాన్ని బలపరిచింది. ఇంజను వివాదంలో ఏ తీర్పు వస్తుందో ఆయా కేసు వివరాలను బట్టి ఉంటుంది. కానీ రెండు సంగతులు మాత్రం ఖాయం. వివాదం లేవగానే పరిహారం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఆసుపత్రి మంచం మీద భరించేది బాధితుడు. చివరికి భారం యజమాని ఇంటి మీద పడే ప్రమాదం ఉంది.

సరైన దారి

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా పాత వ్యానుకు ఇంజను మార్చాలనుకుంటే మీరు ఈ వరస చెప్పండి.

మొదట, అదే కంపెనీ, అదే రకం, అదే ఇంధనపు ఇంజనును ఎంచుకోవాలి. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. బండి మీద అప్పుంటే అప్పిచ్చిన సంస్థ సమ్మతి తీసుకోవాలి. కొత్త ఇంజనుకు నెంబరుతో సహా రసీదు ఉండాలి. పాతదైతే అది ఏ బండి నుంచి వచ్చిందో చెప్పే కాగితం, దొంగ సొత్తు కాదన్న ఆధారం దగ్గర పెట్టుకోవాలి. విప్పేసిన బండి రిజిస్ట్రేషను రద్దు చేయించవలసిన బాధ్యత దాని యజమానిది. ఆ సంగతి 55వ సెక్షనులో ఉంది.

ఇంజను బిగించాక బండిని అధికారికి చూపించి, సీ బుక్కులో కొత్త నెంబరు ఎక్కించాలి. ఆ నకలుతో బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, పాలసీలో సవరణ వేయించుకోవాలి. కాలుష్య పరీక్ష మళ్ళీ చేయించాలి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే చెల్లుతుంది. తర్వాత బండిని చూపించి పునరుద్ధరించుకోవాలి. అప్పుడు ఛాసిస్, ఇంజను నెంబర్లు మళ్ళీ బయటికి వస్తాయి. దాచినది దాగదు.

విద్యార్థులారా! కాగితాలు అధికారుల కోసమని మనకు ఒక అభిప్రాయం ఉంది. 1904 నాటి నెంబరు పలక నుంచి ఇప్పటి నియమాల దాకా ఈ చరిత్రను చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది. ఈ కాగితాలు ఒకరినొకరు ఎరగని మనుషులు ఒకే రోడ్డు మీద నడవడానికి ఏర్పరచుకున్న నమ్మకం. ఆ మలుపులో మా వ్యాను రాసుకున్న కుర్రవాడి పేరు నాకు తెలియదు. అతనికి నా పేరు తెలియదు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక కాగితం. ఆ రోజు అందులో ఒక నెంబరు తప్పు. తర్వాత దాన్ని సరిచేయించాం. ఆ వ్యాను మళ్ళీ అన్ని ఊళ్ళూ తిరిగింది.

చేసి చూడండి

1. మీ ఇంటి బండి సీ బుక్కు తీసుకుని, పెద్దల సాయంతో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇంజను, ఛాసిస్ నెంబర్లు ఎక్కడ చెక్కి ఉన్నాయో వెతకండి. పలుచని కాగితం, పెన్సిలుతో అచ్చు తీసి పత్రంతో పోల్చండి.

2. ఒక ఇంజనుకు నాలుగు సిలిండర్లు. లోపలి వ్యాసం 71 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 75.5 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం కట్టండి. ఆ ఇంజను ఏ బీమా తరగతిలోకి వస్తుంది?

3. ఇంజను ఉంచి ఛాసిస్ మారిస్తే అది పాత బండి అవుతుందా, కొత్త బండి అవుతుందా? నాగసేనుడి పక్షాన ఒకరు, రవాణా అధికారి పక్షాన మరొకరు నిలబడి తరగతిలో వాదించండి.